బొడ్డుకీ మోకాలికీ మధ్య

టీచర్లకి ఒళ్ళు ఉంటుందని మన పైవాళ్ళు ఎట్టకేలకి కనిపెట్టారు!

చిన్న విషయమా ఇది? చంద్రుడి మీద నీటి జాడ కనిపెట్టినవాళ్ళకి పూలదండలు వేశాం. టీచరమ్మకి నడుముందని కనిపెట్టినవాళ్ళకి కనీసం ఓ శాలువా అయినా కప్పొద్దా?

ఇన్నాళ్ళూ టీచరంటే ఏమిటి? ఒక గొంతు, ఒక సుద్దముక్క, ఒక సంతకం. ఆ తర్వాత ఫోన్లో హాజరు యాప్ వచ్చి, టీచరుకి ముఖం కూడా ఉందని తేల్చింది. పొద్దున్నే ఆ ముఖాన్ని ఫోన్‌కి చూపించాలి. ఫోన్ గుర్తుపడితే మనిషి ఉన్నట్టు, గుర్తుపట్టకపోతే మనిషే లేనట్టు. ముఖం కింద మెడా, మెడ కింద మిగతా సంసారమూ ఉంటాయని మాత్రం ఏ యాపూ అనుమానించలేదు.

ఆ లోటు పోయిన ఆషాఢంలో తీరింది. సమగ్ర వ్యక్తి బోధన అన్నారు. టీచరు పాఠం ఒక్కటే కాదు, మొత్తం మనిషిగా క్లాసులోకి రావాలన్నారు. అందుకు ముందు తన ఒంటిని తను వినాలన్నారు. ఆ వినడం నేర్పడానికి ఐదు రోజుల శిక్షణ పెట్టారు. దాని పేరు 'దేహస్పృహ'. ఇంత గొప్ప వరాన్ని వెక్కిరించేవాళ్ళు కొందరుంటారు. అలాంటివాళ్ళు ఒక్కసారి భాగ్యవతి టీచరు సంగతి వినాలి. ఈ శిక్షణ వల్ల బాగుపడ్డవాళ్ళలో మొట్టమొదటి మనిషి ఆవిడే మరి!

భాగ్యవతికి నలభై తొమ్మిదేళ్ళు. ఉద్యోగంలో ఇరవై నాలుగేళ్ళు. ఉండేది నరసన్నపేట. పనిచేసే ఊరు శ్రీముఖలింగం దాటి, వంశధార గట్టు పట్టుకుని ఇంకొంచెం లోపలికి పోతే వస్తుంది. అసలు పేరు చెబితే ఆ ఊరివాళ్ళు నొచ్చుకుంటారు గనక గెడ్డవలస అనుకుందాం. నలభై ముగ్గురు పిల్లలు, రెండు గదులు, ఒక వరండా. హెడ్మాస్టరు జగన్నాధం గారు. మిగతా స్టాఫంతా భాగ్యవతే.

ఆవిడ భర్త గణపతిరావుకి నరసన్నపేటలో శానిటరీ సామాన్ల షాపుంది. షాపు ముందు అద్దాల వెనక పదకొండు కమోడ్లు వరసగా రోడ్డుకేసి చూస్తూ ఉంటాయి. వాటి ముందు నుంచే భాగ్యవతి రోజూ పొద్దున్న బస్సెక్కి, ఒక్కటి కూడా లేని చోటికి వెళ్తుంది.

ఒక్కటి కూడా లేదంటే పొరపాటు. ఒకటుంది! బడి వెనక తొమ్మిది నెలల క్రితం ఆడపిల్లల కోసం కట్టారు. గులాబీ రంగు వేశారు. తలుపు మీద సీతాకోకచిలక బొమ్మ కూడా వేశారు. నాలుగు వైపులనుంచీ ఫోటోలు తీసి పైకి పంపారు. ఆ తర్వాత తాళం వేశారు. ఎందుకంటే ప్రారంభోత్సవం కాలేదు. పెద్దాయనెవరో రావాలి, రిబ్బను కత్తిరించాలి. ఆయనకి డేటు కుదరాలి. రిబ్బను కత్తిరించకుండా ఎవరైనా లోపలికి వెళ్తే దేశం ఏమైపోవాలి?

అందుకని భాగ్యవతి తన ఏర్పాటు తను చేసుకుంది. పొద్దున్న ఏడుంపావుకి బీపీ మాత్రతో అరగ్లాసు నీళ్ళు. అంతే. మళ్ళీ సాయంత్రం ఐదుకి ఇంటికొచ్చాక చెంబెత్తడం. మధ్యలో ఏడు పీరియడ్లు అరవాలి, ఎండాకాలం, రేకుల వరండా. గొంతెండితే ఓ యాలక్కాయ బుగ్గన పెట్టుకునేది. బడి వెనక జీడితోట ఉన్నన్నాళ్ళూ ఏదో దారుండేది. తోటకి ముళ్ళకంచె వేశాక అదీ పోయింది. వంటమ్మ గున్నమ్మ ఇల్లు అరకిలోమీటరు. పిల్లల్ని వదిలి అంతదూరం వెళ్తే సరిగ్గా ఆ టైముకే ఎవరో ఒకరు తనిఖీకి ఊడిపడతారు.

ఏడాదిలో మూడుసార్లు మూత్రంలో మంట, జ్వరం. శ్రీకాకుళంలో డాక్టరు దగ్గరకెళ్తే రోజుకి మూడు లీటర్ల నీళ్ళు తాగమని చీటీ మీద రాసి, కింద రెండు గీతలు గీశాడు. తాగినవి ఎక్కడ వదలాలో మాత్రం రాయలేదు.

అలాంటి మనిషిని పట్టుకుని 'నీ ఒంటిని విను' అన్నారు. చూశారా అదృష్టం!

శిక్షణ విజయనగరం శివార్లలో ఓ బీఈడీ కాలేజీ హాల్లో. రెండు జిల్లాల నుంచి ఎనభై మంది. నలభై ఇద్దరు ఆడవాళ్ళు. నేర్పే మనిషి సింధూరి. ఇరవై తొమ్మిదేళ్ళు, ఖద్దరు కుర్తా, చేతిలో ఎప్పుడూ ఓ పెద్ద స్టీలు నీళ్ళ సీసా. సొంతూరు కొత్తవలసేగాని, పుణేలో ఏదో చదివి, బెంగళూరులో ఏదో నేర్చుకుని వచ్చింది. ఆ అమ్మాయి మాటల్లో తెలుగు, సాంబారులో ములక్కాడల్లా అక్కడక్కడా తగిలేది. కానీ మంచి పిల్ల. చెప్పేదాన్ని తను నిజంగా నమ్మింది. ట్రైనింగుల్లో అలాంటివాళ్ళు అరుదు.

మొదటిరోజు కుర్చీలు తీయించేసింది. కుర్చీల వల్ల ఒళ్ళు బిగుసుకుపోతుందిట. అందర్నీ నేలమీద గుండ్రంగా కూర్చోమంది. సగటు వయసు యాభై. ఎనభై మంది ఒక్కసారి మోకాళ్ళు మడిచేసరికి హాలంతా అప్పడాలు విరిగిన చప్పుడు.

"ఆ సౌండ్ విన్నారా? మీ బాడీ మీతో మాట్లాడుతోంది!" అంది సింధూరి మురిసిపోతూ.

"అది మాటాడ్డం కాదమ్మా, తిట్టడం" అన్నాడు వెనకనుంచి నారాయణమూర్తి మాస్టారు. ఆయనది భోగాపురం వైపు బడి. ఊరి పక్కన విమానాశ్రయం లేచిందిగాని ఆయన బడికి ప్రహరీ ఇంకా లేవలేదు. ఆర్నెల్లలో రిటైరవుతాడు. ఆయనకి ఇక దేనికీ భయం లేదు.

రెండోరోజు చెప్పులు విప్పి భూమిని అనుభవించమన్నారు. భూమి మీద టైల్స్ ఉన్నాయి గనక టైల్స్‌ని అనుభవించారు. కళ్ళు మూసుకుని గాలి పీల్చారు. గాలి వదిలారు. పీల్చినదాన్నీ వదిలినదాన్నీ గమనించారు. నారాయణమూర్తి మాస్టారు గమనిస్తూ గమనిస్తూ గుర్రుపెట్టాడు. లేపి, ఏం అనుభవమైందని అడిగితే "కాంతి కనపడిందమ్మా" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

అసలు సంగతి మూడోరోజు జరిగింది.

ఆరోజు శిక్షణ పుస్తకం, అదే మాడ్యూలు, పద్నాలుగో పేజీ తీయమన్నారు. అందులో నిలువెత్తు మనిషి బొమ్మ. ఒంట్లో హాయిగా ఉన్నచోట ఆకుపచ్చ రంగు, ఇబ్బందిగా ఉన్నచోట ఎరుపు వేయాలి. భాగ్యవతి ఎర్ర పెన్సిలు తీసుకుని బొమ్మకేసి చూసింది. తల ఉంది. మెడ ఉంది. గుండె ఉంది. పొట్ట బొడ్డు దాకా ఉంది. ఆ కింద ఓ తెల్లటి మేఘం! మేఘం కింద మళ్ళీ మోకాళ్ళూ, పాదాలూ.

భాగ్యవతి క్లాసులో పుస్తకాల తెలుగే మాట్లాడుతుంది. చిరాకేస్తే మాత్రం అమ్మమ్మగారి ఊరు బయటికొస్తుంది.

"మేడం, ఏటిది? బొడ్డుకీ మోకాలికీ మద్దెన మబ్బట్టేసినాది?"

హాలు గొల్లుమంది. సింధూరి బుగ్గలు ఎర్రబడ్డాయి.

"అదీ... నేనిచ్చిన డ్రాయింగ్‌లో ఫుల్ బాడీ ఉందండీ. రివ్యూ కమిటీ వాళ్ళు, టీచర్ల పుస్తకంలో అలాంటివి బాగోవని..."

"మరి నా ఎరుపు అక్కడే ఉన్నాది మేడం. మబ్బు మీద ఎయ్యమంటారా?"

మళ్ళీ నవ్వులు. సింధూరి అందరికీ వేసే ప్రశ్నే వేసింది. "సరే, కళ్ళు మూసుకోండి భాగ్యవతి గారూ. మీ బాడీ ఇప్పుడు మీకేం చెప్తోంది? ఏదొస్తే అది చెప్పండి. ఇది సేఫ్ స్పేస్."

భాగ్యవతి కళ్ళు మూసుకుంది. అంతకుముందు అడిగినవాళ్ళంతా శాంతి అన్నారు, వెలుగన్నారు, అమ్మ ఒడి అన్నారు. తనూ ఏదో ఒకటి చెప్పి కూర్చుందామనే అనుకుంది. కానీ ఒళ్ళు నిజంగానే ఏదో చెబుతోంది. ఇరవై నాలుగేళ్ళుగా చెబుతున్నదే చెబుతోంది.

"బాత్రూముకి ఎల్లమంటన్నాది మేడం" అంది కళ్ళు మూసుకునే. "ఉద్యోగంలో జేరిన రోజు నుంచీ అదే మాట. అయ్యో, దాన్ని ఎన్ని మాట్లు కసిరేసినానో! ఉండూ, నోర్మూసుకో, అయిదయ్యేదాకా ఊసెత్తకు అని. ఇయ్యాల మీరు ఇనమన్నారని ఇంటన్నాను."

మగవాళ్ళు నవ్వారు. ఆడవాళ్ళు సగం నవ్వి ఆపేశారు.

సింధూరి చేతిలో సీసా వంక చూసుకుంది. ఆ తర్వాత మాడ్యూల్లో లేని ప్రశ్న ఒకటి అడిగింది.

"ఇక్కడ పొద్దుట్నుంచి నీళ్ళు తాగనివాళ్ళు ఎంతమంది?"

ఓ చెయ్యి లేచింది. ఇంకోటి. మొహమాటంగా ఇంకో నాలుగు. చివరికి లెక్కపెడితే ముప్ఫై ఆరు. అన్నీ గాజుల చేతులే. ఇక్కడ కాలేజీలో బాత్రూములు ఉన్నాయి, అయినా తాగలేదు. అలవాటు తప్పిపోయింది.

సింధూరి నోట్లోంచి పుణే పోయింది, బెంగళూరు పోయింది, కొత్తవలస ఒక్కటే మిగిలింది.

"ఎల్లండమ్మా" అంది చేతిలో సీసా కింద పెట్టేసి. "ముందు ఎల్లి రండి. క్లాసు ఏటీ పారిపోదు. మా అమ్మ కూడా టీచరే. కిడ్నీల్లో ఇన్ఫెక్షనై, మూడు నెల్లు ఆస్పత్రిలో ఉన్నాది. ఎందుకో నాకు ఇప్పుడు తెలిసినాది."

ఆరోజు మధ్యాహ్నం నలభై ఇద్దరు ఆడవాళ్ళూ కలిసి ఓ వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. పేరు 'దేహస్పృహ అక్కలు'. ఎవరికి ఏ ఊళ్ళో ఏ తలుపుకి తాళం ఉందో అన్నీ అందులోకి వచ్చేశాయి.

ఇక భాగ్యవతి గెడ్డవలస తిరిగొచ్చింది. ఆవిడ వెనకే ఓ వ్యానూ వచ్చింది. అందులోంచి దేహస్పృహ కిట్ దిగింది! నలభై చాపలు, యోగాకి పరుచుకునే మెత్తటి రబ్బరు చాపలు. ఒక కంచు గిన్నె, దాన్ని కర్రతో రాస్తే ఝుమ్మంటుంది. మనిషి బొమ్మ ఉన్న పెద్ద పోస్టరు, మేఘంతో సహా. కూడా ఓ కాగితం: సదరు సామగ్రిని తాళం గల గదిలో భద్రపరచవలెను.

జగన్నాధం గారు చెడ్డవాడు కాదు. కాగితమంటే భయమున్నవాడు. బడి అంతా రెండుసార్లు తిరిగాడు. క్లాసు గదులకి గొళ్ళేలు ఊడిపోయాయి. వంటగదికి తలుపే లేదు. ఊరు మొత్తం మీద కారని పైకప్పూ, మూసుకునే తలుపూ, కొత్త తాళమూ ఉన్న సర్కారు గది ఒక్కటే.

చాపలన్నీ తీసుకెళ్ళి గులాబీ రంగు మరుగుదొడ్డిలో పెట్టించేశాడు. దొంతర కమోడు మీద, కంచు గిన్నె ఫ్లష్ ట్యాంకు మీద.

"ఏటి సారూ ఇది?" అంది గున్నమ్మ కూర తరుగుతూ. "పిల్లల్ని కూకోబెట్టాల్సిన కాడ సాపల్ని కూకోబెట్టినావా?"

"నీకు తెలీదు గున్నమ్మా. ఆడిట్ వస్తాది."

ఆడిట్! ఆ మాట అన్నాక ఇంకెవరు మాట్లాడతారు?

భాగ్యవతి ఒళ్ళు మాత్రం ఏదో అంది. ఏదో ఏమిటి, అదే. అయినా ఆవిడ ఊరుకుంది. వారానికి మూడు పీరియడ్లు దేహస్పృహ పాఠం చెప్పాలి, ఫోటోలు పంపాలి. పాఠం రోజు ఓ పది చాపలు మాత్రం బయటికి తీయించి, మిగతావాటికి మళ్ళీ తాళం వేసేవారు. ఆవిడ మేఘం ఉన్న పోస్టరు గోడకి తగిలించలేదు. నల్లబల్ల మీద తనే మొత్తం మనిషిని గీసింది. పిల్లలకి కాగితాలిచ్చి రంగులు వేయమంది. మగపిల్లలు రకరకాలుగా వేశారు. మోకాళ్ళు దోక్కుపోయినచోట ఎరుపు, జామకాయలు తిన్న పొట్ట ఆకుపచ్చ. పంతొమ్మిది మంది ఆడపిల్లలు మాత్రం ఒకరి కాగితం ఒకరు చూడకుండానే ఒకే చోట ఎరుపు వేశారు.

భాగ్యవతి ఆ పంతొమ్మిది కాగితాలూ వరసగా బల్ల మీద పరిచి చూసింది. తనొక్కత్తే కసురుకుంటోందనుకుంది. ఈ చిట్టితల్లులు కూడా కసురుకోవడం నేర్చేశారన్నమాట! ఎవర్ని చూసి నేర్చారు?

"ఇవి గోడకి అంటించకండమ్మా" అన్నాడు జగన్నాధం గారు తొంగిచూసి. "ఎవరైనా చూస్తే బాగోదు."

మర్నాడు రెండో పాఠం. పిల్లల్ని చాపల మీద పడుకోబెట్టి, ఒంట్లోని బిగువంతా వదిలేయమని చెప్పాలి. మాడ్యూల్లో ఎలా ఉందో అలాగే భాగ్యవతి చదువుతోంది. భుజాలు వదిలేయండి. పొట్ట వదిలేయండి. ఏదీ పట్టి ఉంచకండి.

ఐదో క్లాసు శ్రావణి చాలా మంచి పిల్ల. టీచరు ఏది చెబితే అది చేస్తుంది. పొద్దున్నుంచీ పట్టి ఉంచినదాన్ని వదిలేసింది.

ముందు పక్కనున్న పిల్ల కెవ్వుమని లేచింది. తర్వాత మగపిల్లలు చూశారు. "ఏ, శ్రావణి పోసేసినాదిరోయ్!" శ్రావణి లేచి నిలబడలేదు. గౌను ముడుచుకుని, రెండు చేతులతో మొహం కప్పుకుని చాప మీదే కూర్చుండిపోయింది. భాగ్యవతి చీరచెంగు పరిచి దగ్గరకి తీసుకోబోయేలోపు లేచి, సంచీ కూడా తీసుకోకుండా పరిగెత్తి వెళ్ళిపోయింది.

నవ్వే మగపిల్లల్ని భాగ్యవతి తిట్టలేదు. పుస్తకం మూసింది. వంటగది దగ్గరకెళ్ళింది.

"గున్నమ్మా, రుబ్బురోట్లో పొత్రం ఇలా ఇయ్యి."

"ఎందుకు టీచరమ్మా?"

"నా ఒళ్ళు ఏటో సెప్తన్నాది. ఇంటన్నాను."

గున్నమ్మ ఆవిడ మొహం చూసి, పొత్రం తనే ఎత్తుకుంది. "మీ సేతులు సుద్దముక్కల సేతులు. సూపెట్టండి ఎక్కడ కొట్టాలో."

మూడు దెబ్బలకి తాళం ఊడింది. జగన్నాధం గారు పరిగెత్తుకొచ్చి "అమ్మా, అమ్మా, ప్రారంభోత్సవం!" అని కేకలు పెడుతున్నాడు. "అయిపోతన్నాది సారూ, సూడండి" అంది గున్నమ్మ. ఇద్దరూ కలిసి మిగిలిన ముప్ఫై చాపలూ బయటికి గిరాటేశారు. బోరింగు నుంచి బకెట్లతో నీళ్ళు తెచ్చి కడిగారు. పద్దెనిమిది మంది ఆడపిల్లలు వరసలో నిలబడ్డారు. ఆఖర్న టీచరు వెళ్ళింది. బయటికొచ్చి, బోరింగు దగ్గర దోసిలి పట్టి కడుపునిండా నీళ్ళు తాగింది. టైము మధ్యాహ్నం పన్నెండున్నర. ఆ బడిలో ఆ టైముకి ఆవిడ నీళ్ళు తాగడం అదే మొదలు.

పంతొమ్మిదో పిల్ల మాత్రం రాలేదు. మర్నాడూ రాలేదు. సాయంత్రం బడి వదిలాక భాగ్యవతి వాళ్ళింటికి వెళ్ళింది. శ్రావణి గాదె వెనక దాక్కుంది.

"ఇంక ఎల్లదట బడికి" అంది శ్రావణి వాళ్ళమ్మ. "ఇంటికాడే ఉంటాదట. నానేటి సెప్పను టీచరమ్మా?"

భాగ్యవతి గాదె పక్కన నేలమీద కూర్చుంది. మోకాళ్ళు పటపటమన్నాయి.

"శ్రావణీ, తప్పు నీది కాదే. నీ అంత ఉన్నప్పట్నుంచి నాకూ అదే కష్టం. నేను సెప్పడానికి సిగ్గుపడ్డాను, నువ్వు సెప్పేసినావు. రేపు రా. తలుపు తీసుంది. తాళం లేదు, పగలగొట్టేసినాను."

గాదె వెనక నుంచి ఓ గొంతు. "మీరా? పగలగొట్టీసినారా?"

"నేనూ, గున్నమ్మ."

"దేంతోటి?"

"పొత్రంతోటి."

శ్రావణి మొహం బయటికొచ్చింది. ఆ వివరాలు పూర్తిగా వినాలి కదా మరి!

ఆ మర్నాడు శ్రావణి బడికొచ్చింది. వెనకే మండల విద్యాధికారి ఆనంద్‌కుమార్ గారూ వచ్చారు, టైపు చేసిన మెమోతో. ఆయన పొద్దున్నుంచి ఐదు బళ్ళు తిరిగి, ఐదు చోట్లా ఐదు కొబ్బరిబొండాలు తాగి వచ్చారు. పైగా షుగరు మనిషి. నిలబడే మెమో చదివారు. ప్రభుత్వ తాళమును ధ్వంసం చేయుట. ప్రారంభోత్సవము జరగని కట్టడమును వినియోగంలోకి తెచ్చుట. శిక్షణా సామగ్రిని ఆరుబయట పారవేయుట.

చదువుతూ చదువుతూ ఎడమకాలి మీంచి కుడికాలి మీదకి మారారు. మళ్ళీ కుడి నుంచి ఎడమకి. మూడో ఆరోపణ దగ్గర గొంతు సన్నబడింది.

"సార్" అంది భాగ్యవతి వినయంగా. "మీ శరీరం ఏదో చెబుతున్నట్టుంది."

ఆనంద్‌కుమార్ గారు ఆవిడకేసి చూశారు. జగన్నాధం గారికేసి చూశారు. పొలాలకేసి చూశారు. పొలాల్లో నాట్లు వేస్తూ ఇరవై మంది ఆడవాళ్ళున్నారు.

"ఇక్కడ... ఏమైనా..."

"రండి బాబూ" అంది గున్నమ్మ బకెట్టందుకుని. "సీతాకోకసిలక తలుపు. నీల్లు ఎక్కువెయ్యండి, తరవాత పిల్లలెల్లాల."

వరసలో ఉన్న ఆడపిల్లలు పక్కకి తప్పుకుని అధికారిగారికి దారిచ్చారు. కాసేపటికి ఆయన బయటికొచ్చారు. మొహంలో ఎంత ప్రశాంతత! ఐదురోజుల శిక్షణలో ఎనభై మందిలో ఒక్కరి మొహంలోనూ అంత సమగ్రత కనపడలేదు.

అయినా మెమో ఇచ్చే వెళ్ళారు. "టైపయిపోయిందమ్మా, నంబరు కూడా పడిపోయింది" అన్నారు మెల్లిగా. "ఏదో ఓ సమాధానం రాసెయ్యండి."

భాగ్యవతి ఆ సాయంత్రం షాపులో, కమోడ్ల మధ్య స్టూలు వేసుకుని సమాధానం రాసింది. గణపతిరావు పక్కన నిలబడి కంగారుపడ్డాడు.

"ఒసే, క్షమించమని ఓ ముక్క రాసి పడేయరాదా? సర్వీసు ఇంకా ఉంది."

"ఏటండీ క్షమించడం? మీరు జిల్లా అంతా అమ్ముతారు. నాకు ఒక్కటి లేదని ఏనాడైనా అడిగారా?"

గణపతిరావు పనాణ్ణి పిలవకుండా తనే ఓ కొత్త కుళాయీ, గొట్టమూ సంచీలో పెట్టి ఆవిడ హ్యాండుబ్యాగు పక్కన ఉంచాడు.

ఆవిడ రాసింది ఇది: 'నా శరీరం చెప్పేది వినవలెనని శాఖవారు నాకు ఐదు రోజులు నేర్పినారు. విన్నాను. అంతకుముందు ఇరవై నాలుగు సంవత్సరాలు వినలేదు. అప్పుడు మెమో రాలేదు. విన్నందుకు మెమో వచ్చినది గనుక, శిక్షణ తప్పా, మెమో తప్పా తెలియజేయ ప్రార్థన.'

ఈ కాగితం పైకి వెళ్ళింది. పైనుంచి ఇంకా పైకి వెళ్ళింది. అక్కడ గొప్ప బుర్రలు మూడు వారాలు ఆలోచించాయి. శిక్షణ తప్పనడానికి వీల్లేదు, మెమో తప్పనడానికీ వీల్లేదు. చివరికి రెండింటినీ కాపాడుతూ ఓ సర్క్యులర్ వచ్చింది, శిక్షణ తీసుకున్న అందరికీ!

'ఉపాధ్యాయులు తమ శరీరం చెప్పేది శ్రద్ధగా వినవలెను. అయితే దానిపై చర్య తీసుకొనుటకు ముందు పై అధికారి అనుమతి పొందవలెను.'

ఎంత చక్కటి ఉత్తర్వు! క్రమశిక్షణ లేని ఒంటికి క్రమశిక్షణ నేర్పే ఉత్తర్వు. దీన్ని అమలుచేయకపోతే తప్పు కదా?

భాగ్యవతి అమలుచేసింది. మర్నాడు పదకొండూ ఇరవైకి ఆనంద్‌కుమార్ గారి ఫోన్‌కి దరఖాస్తు పంపింది. ఒక నకలు 'దేహస్పృహ అక్కలు' గ్రూపులో పెట్టింది. ఇంకేముంది! పదకొండున్నరకి కొత్తవలస వైపు నుంచి ఒకటి. పన్నెండుకి శ్రీకాకుళం వైపు నుంచి రెండు. ఆ వారమంతా రెండు జిల్లాల ఆఫీసుల్లో ఫోన్లు టింగుటింగుమంటూనే ఉన్నాయి.

'విషయం: మూత్రవిసర్జన – అనుమతి కోరుట – గురించి. ఆర్యా, ఈ రోజు ఉదయం 11.20 గంటలకు నా శరీరం పై విషయాన్ని నాకు తెలియజేసినది. సర్క్యులర్ ప్రకారం అనుమతి కోరుచున్నాను. మా పాఠశాల మరుగుదొడ్డికి ఇంకను ప్రారంభోత్సవము జరగనందున, ఏ స్థలమున విసర్జించవలెనో కూడా తమరే తెలియజేయ ప్రార్థన. విషయం అత్యవసరం.'

ప్రతి దరఖాస్తుకీ ఇన్‌వర్డ్ నంబరు వేయాలి. నంబరు వేశాక జవాబివ్వాలి. జవాబివ్వాలంటే స్థలం చూపించాలి. స్థలం చూపిద్దామని రికార్డు తీస్తే, అందులో అన్ని బళ్ళకీ మరుగుదొడ్లు ఉన్నాయి, ఫోటోలతో సహా! బళ్ళకి వెళ్ళి చూస్తే పంతొమ్మిది చోట్ల లేవు, లేదా తాళాలున్నాయి, లేదా గోడలే ఉన్నాయి. ఇన్నేళ్ళుగా నోటితో చెబితే ఎవరికీ వినపడని సంగతి, నంబరు పడేసరికి ఆఫీసంతటికీ వినపడింది.

నాలుగోరోజు ఆనంద్‌కుమార్ గారే ఫోన్ చేశారు.

"అమ్మా, మీకు దండం పెడతాను. ఎల్లండమ్మా, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎల్లండి. నన్ను అడక్కండి."

"అలాగే సార్. ఆ ముక్కే రాసి, సంతకం పెట్టి ఇప్పించండి."

ఇప్పించలేదనుకోండి. కానీ మెమో ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. గెడ్డవలస బడిలో సీతాకోకచిలక తలుపుకి ఇప్పుడు లోపలివైపే గడియ ఉంది. చాపలు వరండాలో పరిచారు, మధ్యాహ్నం అన్నాలయ్యాక చిన్నపిల్లలు వాటిమీద నిద్రపోతారు.

మరి మిగతా పంతొమ్మిది బళ్ళూ? అన్యాయంగా మాట్లాడకూడదు, పైవాళ్ళు వెంటనే కదిలారు. మూడు చోట్ల మేస్త్రీలు దిగారు. మిగిలిన పదహారు బళ్ళ టీచరమ్మల కోసం వచ్చే నెల మూడు రోజుల ప్రత్యేక శిక్షణ ఏర్పాటు చేశారు. నేర్పడానికి సింధూరిని పిలిస్తే, ఆ పిల్ల ఎందుకో రానందిట.

శిక్షణ అంశం: నిగ్రహం.